కొంగగారి వాన లెక్క

ఒక అడవిలో కొంగ పెద్దరికాన రుతువుల సంఘం వెలిసింది. ఏ చెట్టు ఎప్పుడు పూసిందో, చీమలు గుడ్లెప్పుడు మోశాయో జంతువులే చూసి ఆకుల మీద రాసి తేవాలి. వాటిని బట్టి వానెప్పుడొస్తుందో కొంగ తేల్చాలి.

పిచ్చి ఉడుత ఆ మాట నిజమే అనుకుంది. రోజూ రేలచెట్టు ఎక్కి దిగింది. ఓ పొద్దున ఆకు పట్టుకుని పరుగున వచ్చింది.

"కొంగ మావా! రేల నెల ముందే పూసింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని చెట్టెక్కుతున్నాయి. వాన ముంచుకొస్తోంది. వాగొడ్డున కుందేళ్ల బొరియలు ఖాళీ చేయించు!"

కొంగ ఒంటికాలి మీద నుంచి కదల్లేదు. "మిగతా తొమ్మిది మందీ మృగశిర కార్తెకే వానని రాశారు. నీ ఒక్కదానికే కళ్లున్నాయా?"

"వాళ్లు గడప దాటితే కదా! నిరుటి ఆకు చూసి దింపేశారు."

"ఎలా రాస్తేనేం, అందరిదీ ఒకే మాట. నీదే తేడా," అని కొంగ ఉడుత లెక్క కొట్టేసింది. పైగా నిరుటి ఆకును అక్షరం పొల్లుపోకుండా దింపిన ఎనుబోతుకు ఉత్తమ పరిశీలకుడని దండ వేసింది.

రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలోనే వాన కుమ్మరించి వాగు పొంగింది. బొరియలు కొట్టుకుపోయాయి. కుందేళ్లు పిల్లల్ని వెతుక్కుంటూ గట్టున ఏడుస్తుంటే, తడిసిన కొంగ వచ్చి ఉడుత కొమ్మ మీదే వాలింది.

"ఇప్పుడేం రాస్తావు మావా?" అంది ఉడుత.

కొంగ రెక్కలు దులుపుకుంది. "రాయక? కార్తె రాకముందే ఎందుకొచ్చావో సంజాయిషీ ఇమ్మని వానకు తాఖీదు రాస్తా!"