బుడ్డిదాని డబడబ

"తొణికిందా?"

"లేదండీ."

"కళ్లద్దాలు పెట్టుకుని చూడు."

"గ్లాసు కదిలితేగా నీళ్లు తొణకడానికి! అసలు ఇంజను నడుస్తోందో లేదో ముందు అది చెప్పండి," అంది లెక్కల మాస్టారి భార్య.

ఆ మాటకి మాస్టారు మురిసిపోయారు. బానెట్ మీద నిండు గ్లాసు పెట్టి ఇంజను నడిపిస్తే చుక్క కింద పడకూడదు. పాతకార్ల పోటీలో మొదటి పరీక్ష అదే. రెండోది చప్పుడు. కారు పక్కన నిలబడి గుసగుసలాడుకున్నా వినపడాలట. కప్పు ఎవరిదో ఆదివారం తేలిపోతుంది.

కారు మాస్టారి నాన్నగారిది. పేరుకి కారే గానీ నలుగురు కూర్చుంటే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టుకోవాలి. అందుకే ఇంట్లో అందరికీ అది బుడ్డిది. పెద్దాయన పోయాక కూడా మాస్టారు రోజూ అందులోనే బడికి వెళ్లేవారు, సెలవొస్తే దాని కిందే పడుకునేవారు. మూడేళ్లలో సీట్లు కుట్టించారు, తుప్పు గీకి రంగు వేశారు, కార్బురేటర్‌ని విప్పి పళ్లు తోమినట్టు తోమారు. ఎంత చేసినా ఆ డబడబ మాత్రం పోలేదు. చివరికి ఇవాళ షెడ్డు బాబాయి వచ్చి, ఇంజనులో వదులై టకటకలాడే టాపెట్లు సరిచేసి, చిల్లుపడ్డ సైలెన్సర్ పీకేసి కొత్తది బిగించాడు. దాంతో బుడ్డిది నోరు మూసుకుంది.

షెడ్డు బాబాయి వీధి చివర రిపేరు షెడ్డు నడిపే ముసలి మెకానిక్. పని అయిపోగానే చేతులు తుడుచుకుని జేబులోంచి సిగరెట్టు పెట్టె తీశాడు.

"బాబాయ్! నా గుమ్మంలో ఆ కంపు పనికిరాదని ఎన్నిసార్లు చెప్పాలి? పక్కనే పెట్రోలు కూడానూ!"

"వెలిగించలేదు మాస్టారూ. ఊరికే చూసుకుంటున్నా."

"బాగా గడ్డి పెట్టు," అంది వరండాలోంచి మాస్టారి అమ్మ, పిప్పరమెంటు బిళ్లని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుంటూ. "మీ నాన్నగారైతే ఈపాటికి గేటు బయటికి గెంటేసేవారు."

అనడమే కాదు, మెట్లు దిగి వచ్చి ఆ పెట్టె లాక్కుంది. ముక్కు మూసుకుని, రెండు వేళ్లతో పట్టుకుని, చెత్తబుట్టలో పడేస్తానంటూ లోపలికి పోయింది. షెడ్డు బాబాయి నోరెళ్లబెట్టి చూశాడు.

సాయంత్రం మాస్టారు బుడ్డిదాన్ని ఊరంతా తిప్పుకొచ్చారు. సందు మలుపు తిరిగి, గేటు దాటి, కారు ఆపి దిగినా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పనితనమంటే ఇదీ అనుకుంటూ సరాసరి వెళ్లి అమ్మ గది తలుపు తోశారు.

"అమ్మా, విన్నావా?"

కిటికీకి మొహం ఆనించి నిలబడిన పెద్దావిడ ఎగిరిపడింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చెప్పాపెట్టకుండా దొంగలా వస్తావేంట్రా! గుండె ఆగి చచ్చేదాన్ని!"

"కార్లోనే వచ్చానమ్మా. చప్పుడు లేదు కదా!"

"అదేరా నా ఖర్మ!" పెద్దావిడ మంచం మీద కూలబడింది. "నలభై ఏళ్లు విన్నానురా ఆ డబడబని. సందు మలుపులో అది వినపడితే చాలు, మీ నాన్న వచ్చేస్తున్నారని గుండె ఝల్లుమనేది. ఆయన పోయాక నీ కోసం వింటూ కూర్చున్నా. ఇప్పుడు అదీ లేకుండా చేశావు."

మాస్టారు మంచం పక్కన చతికిలబడ్డారు. నాన్న అమ్మతో నవ్వుతూ మాట్లాడగా ఆయన ఎన్నడూ చూడలేదు. లోపల ఇంత ప్రేమ ఉందా!

"ఆదివారం దాకా ఓపిక పట్టమ్మా. పోటీ కాగానే మళ్లీ పాతదే బిగిస్తా."

"అప్పటిదాకా ఉంటానో పోతానో ఎవరు చూశారు?" అంది, పొద్దున్నే మేడమెట్లు రెండేసి ఎక్కిన మనిషి.

"అసలు ఆ పాత సైలెన్సర్ ఏదీ? పాత ఇనప సామాన్లవాడికి వేసేశాం కదా!"

పెద్దావిడ వంగి మంచం కిందనుంచి ఓ మూట లాగింది. పాత దుప్పట్లో, చంటిపిల్లలా చుట్టిపెట్టిన సైలెన్సర్. "గేటు దగ్గర వాణ్ణి ఆపి వెనక్కి తీసుకున్నాను," అంది మెల్లగా.

మాస్టారు తట్టుకోలేక వలవలా ఏడ్చేశారు.

"మూడేళ్ల చాకిరీ! చేతికొచ్చిన కప్పు!" అని నెత్తి కొట్టుకుంది భార్య.

"కప్పు మళ్లీ ఏడు కూడా ఇస్తారే. అమ్మని ఎవరిస్తారు?"

"మీ అమ్మగారికేం, రాయిలా ఉన్నారు!" అని గొణుక్కుంటూ వంటింట్లోకి పోయింది.

మర్నాడు షెడ్డు బాబాయి టాపెట్లు వదులు చేస్తూ, "బాగుపడిన బండిని చెడగొట్టమన్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా," అన్నాడు. ఇంజను అందుకోగానే బానెట్ మీది గ్లాసు గంతులేసి కిందపడి భళ్లుమంది. మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. లోపల్నుంచి మాత్రం అమ్మ చప్పట్లు కొట్టింది.

ఆశ చావక ఆదివారం మాస్టారు పోటీకి వెళ్లనే వెళ్లారు. మైదానం గేటు దగ్గరే నిర్వాహకులు ఆపేశారు. "ఇది కారా, పిండిమరా?" అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు బండి వెనక్కి తిప్పారు. ఏడుపు ముంచుకొచ్చినా, ఇంటి దగ్గర ఒక ప్రాణం ఈ చప్పుడు కోసమే ఎదురుచూస్తోందని గుర్తొచ్చి గుండె నిండిపోయింది. అమ్మ తనివితీరా వినాలని సందు మలుపులో పనిగట్టుకుని రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కారు. వీధి వీధంతా డబడబలాడింది.

గదిలో పెద్దావిడ తాపీగా సిగరెట్టు ఆర్పేసింది.