పోటీకొచ్చిన పెద్దాయన

అమ్మకానికున్న ఆ ఇంటి వంటగదిలోకి అడుగు పెడుతూనే టైలరమ్మ నుదురు ఠప్పుమని గుమ్మానికి కొట్టుకుంది.

"గుమ్మం కాస్త పొట్టిదమ్మా, చూసుకోవాలి" అంటూ వెనకే ఒక పెద్దాయన తల వంచి లోపలికి వచ్చేశాడు.

"ఈయనెవరు?" అని బస్సు డ్రైవరైన టైలరమ్మ భర్త, ఇల్లు చూపిస్తున్న బ్రోకరు చెవిలో అడిగాడు.

ఆ బ్రోకరుని అందరూ పంచదార అంటారు. మాట అంత తీపి. అలాంటివాడి మొహంలో ఆ క్షణాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

అంతలోనే తేరుకున్నాడు.

"ఇంకో పార్టీ సార్. ఆయనా ఇల్లు చూడ్డానికే వచ్చాడు. మీరు నాన్చితే ఎగరేసుకుపోతాడు. ఈ వీధిలో రేట్లు ఎలా పెరుగుతున్నాయో నేను చెప్పాలా!"



ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కొని చూడమని పెద్దలెవరూ అనలేదు. అని ఉంటే టైలరమ్మ ముందే జాగ్రత్తపడేది. రెండేళ్లలో ఇరవై ఇళ్లు చూశారు. ఇరవై ఏళ్ల కుట్టుమిషను కష్టానికి, డ్రైవరు ఓవర్‌టైముకి, బ్యాంకు లోనుకి అందేలా ఉన్నది ఇదొక్కటే. ఇదీ చేజారితే జన్మంతా అద్దె ఇల్లే.

"అడ్వాన్సు ఇప్పుడే ఇచ్చేద్దామండీ" అంది గుసగుసగా.

పెద్దాయన మాత్రం తీరిగ్గా పడగ్గదిలోకి నడిచాడు.

"ఆ బీరువా ఓసారి జరుపు నాయనా."

"ఎందుకండీ, బోలెడు బరువు!" పంచదార అడ్డుపడ్డాడు.

"కొనేవాళ్లు గోడలు చూసుకోవద్దూ?"

డ్రైవరు జరిపాడు. వెనక గోడ చెమ్మెక్కి, పెచ్చులూడి ఉంది.

"మొన్నే రంగులు వేశారన్నారుగా!" అంది టైలరమ్మ.

"కనబడే మేరకు వేశారమ్మా. డాబా వాలు సరిగ్గా లేదు, వానొస్తే ఈ మూలే కారుతుంది. పెరట్లో మురుగు గొట్టం కూడా సన్నది. పూడుకుంటే నీళ్లు ఎగదన్నుతాయి."

పంచదార దగ్గాడు. కళ్లతో సైగ చేశాడు. చివరికి పెద్దాయన చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయాడు.

పెద్దాయన విడిపించుకున్నాడు. "నన్ను పార్టీ అన్నది నువ్వేగా బాబూ? పార్టీ అన్నాక వంకలు వెతకడా?"



టైలరమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది. తమను బెదరగొట్టి పంపించేసి, ఇల్లు చవగ్గా కొట్టేద్దామని ఈయన ఎత్తు కాబోలు!

"ఇన్ని లోపాలున్న ఇల్లు మీకు మాత్రం ఎందుకు బాబాయిగారూ? వేరేచోట చూసుకోండి. ఆశపడి వచ్చినవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోకండి."

పెద్దాయన నొచ్చుకోలేదు. ఆమె మెడలో వేలాడుతున్న టేపు వైపు చూసి నవ్వాడు.

"ఇల్లు మంచిదేనమ్మా. వీధి గదిలో కిటికీ పక్కన మిషను వేసుకో, పొద్దుగూకే దాకా లైటు అక్కర్లేదు. కానీ డాబాకీ గొట్టానికీ ఎంతవుతుందో మేస్త్రీని అడుగు. ఆ మొత్తం ధరలో తగ్గించమను. తగ్గిస్తారు."

వంటగదిలోంచి, మళ్లీ తల వంచి, పెరటి దారిన వెళ్లిపోయాడు.

డ్రైవరు మర్నాడే మేస్త్రీని తీసుకొచ్చి చూపించాడు. మేస్త్రీ లెక్క విని పంచదార లబలబలాడాడు. "ఓనరు చచ్చినా ఒప్పుకోడు సార్!"

ఓనరు ఒక్క ఫోనుకే ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషనుకి మాత్రం రాలేదు. ఒంట్లో బాగాలేదట. ఆయన తరఫున కూతురు వచ్చి సంతకాలు చేసింది.

ఆ ఏడు వాన మూడు రోజులు విడవకుండా కురిసింది. వీధిలో సగం ఇళ్లల్లో బకెట్లు పరిచారు. టైలరమ్మ పడగ్గది గోడ మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది. పొడిగా ఉంది. చెప్పిన ధరకే కొనేసి ఉంటే డాబా బాగుచేయించడానికి చిల్లిగవ్వ మిగిలేది కాదు. ఆమె కళ్లు చెమర్చాయి.

"ఆ పెద్దాయన కనబడితే కాళ్లకి దండం పెడతానండీ. ఆ రోజు ఎంత మాటన్నాను!"

పంచదారని అడిగితే, "పార్టీలన్నాక వస్తారు, పోతారమ్మా" అని దాటేశాడు.

వాన వెలిసిన మర్నాడు పాత ఓనరు కూతురు వచ్చింది.

"నాన్న పోయి నెలైందండీ. సామాన్లు సర్దుతుంటే మీ పెరటి తలుపు రెండో తాళంచెవి దొరికింది. ఇచ్చిపోదామని."

టైలరమ్మ ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కడుపులో మాట ఆగలేదు.

"మీతో చెప్పకూడదేమో గానీ, మాతో పోటీకి ఒక పెద్దాయన వచ్చాడమ్మా. ఇంటి లోపాలన్నీ బయటపెట్టాడు. దానివల్ల మీ నాన్నగారికి రేటు తగ్గింది, నిజమే. మా పాలిట మాత్రం దేవుడు. ఈ గోడ ఆయన చలవే."

కూతురు కప్పు కింద పెట్టింది.

"ఆయన వంటగదిలోకి వెళ్లేటప్పుడు తల వంచాడా?"

"ఆ, వంచాడు. కొట్టుకుంది నేనే. మీకెలా తెలుసు?"

కూతురు లేచి వెళ్లి ఆ పొట్టి గుమ్మాన్ని చేత్తో తడిమింది.

"మేం కొన్నప్పుడూ ఆ గోడకి బీరువా అడ్డంపెట్టే అంటగట్టారండీ. బాగుచేయించే స్తోమత లేక ముప్పై ఏళ్లు బకెట్లతో గడిపాం. 'ఓనరు నోరు విప్పితే బేరం చెడుతుంది, ఆ ఛాయలకే రావద్దు' అని బ్రోకరు ఎంత చెప్పినా వినకుండా, ఆ రోజు మా నాన్న తన ఇంటిని తనే చూడ్డానికొచ్చాడు."