చాడీలమ్మ

కుట్టిన చొక్కాల కట్ట సరిచూసే బల్ల మీద విప్పగానే టపాకాయకు తన తప్పు కనబడింది.

కుడి చేతులు ఎడమవైపుకీ, ఎడమ చేతులు కుడివైపుకీ కుట్టేసింది. ఒకటి కాదు, కట్టంతా.

టపాకాయ అన్నది ఆ కుట్టుషెడ్డులో ఆమె నోటి ధాటికి వచ్చిన పేరు. ఈ ఉద్యోగం పోతే పిల్లలతో రోడ్డున పడాలి.

"చాడీలమ్మ చూసిందా?" పక్క మెషిన్ ఆమె గుసగుసలాడింది.

చూసింది. కత్తిరించిన ముక్కల్ని మెషిన్లకు పంచేదీ, కుట్టినవి సరిచూసేదీ ఆ ముసలావిడే. కొత్తగా వచ్చింది, ఎవరితోనూ కలవదు. ఎవరి కుట్టు తప్పినా సాయంత్రం ఓనరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. లోపల ఆయన అరుపులు, బయట అందరికీ చెమటలు.

ఓనరు ఇంతవరకూ ఎవరినీ పిలిచి అడగలేదన్నది నిజమే. అన్నీ కూడబెట్టి ఒకేసారి కడిగేస్తాడని టపాకాయే తేల్చింది. చాడీలమ్మ అని పేరు పెట్టిందీ తనే.

సాయంత్రం ఆవిడ ఆ చొక్కాలు చంకన పెట్టుకుని లేచింది. టపాకాయ అడ్డంగా నిలబడింది.

"చాడీ అంటే ఏంటో తెలుసా పెద్దమ్మా? మనిషి లేనిచోట ఆ మనిషి తప్పులు ఇంకొకరి చెవిలో ఊదడం. దమ్ముంటే ఇక్కడే చెప్పు!"

మెషిన్లన్నీ ఆగిపోయాయి.

"నిన్నా చెప్పాను, ఇవాళా చెప్తాను. నీ చేతనైంది చేసుకో," అంది ముసలావిడ. "తప్పుకో."

తలుపు పడింది. ఓనరు అరిచాడు. కాసేపటికి ఆవిడ బయటికొచ్చి, చెప్పులేసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ రాలేదు. టపాకాయకు పిలుపూ రాలేదు. కాచుకుని కూర్చోవడం ఆమె వల్ల కాని పని. తనే తలుపు తోసుకుని వెళ్ళింది.

"చేతులు తిరగేసి కుట్టింది నేనే సార్. తీసేస్తే తీసేయండి. చాటుమాటు చాడీలు మాత్రం వినకండి!"

ఓనరు విస్తుపోయాడు.

"మధ్యలో నువ్వేంటి? ముక్కలు తారుమారు చేసి ఇచ్చింది ఆవిడట. మొన్న కాలర్లు, అంతకుముందు జేబులు, అన్నీ తన పొరపాట్లేనని తనే ఒప్పుకుంది. ఎన్నని ఊరుకోను? నిన్ననే పంపించేశాను."

కాలర్లు పక్క మెషిన్ ఆమెవి. జేబులు ఆ వెనకామెవి.

"అబద్ధం! ఆవిణ్ణి వెనక్కి పిలవండి సార్. ఆవిడ వచ్చేదాకా ఇక్కడ ఒక్క మెషిన్ తిరగదు!"

"ఎక్కడుంటుందో తెలిస్తే నువ్వే పిలుచుకురా."

టపాకాయ షెడ్డులోకి వచ్చి ఒక్కొక్కరినే అడిగింది. ఆవిడ గురించి అన్నాళ్ళు అన్ని మాట్లాడుకున్నారు, ఆవిడ ఇల్లెక్కడో ఒక్కరికీ తెలియదు.

ఆ తలుపు వెనక ఆవిడ ఇన్నాళ్ళూ చెప్పిన చాడీలన్నీ తన మీదే.