ముప్ఫై నాలుగు సెకన్లు

"ఇది చాలదమ్మా," అంటూ ఇంజనీరమ్మ అర్జీని తిరిగి చేతికిచ్చేసింది.

"రెండొందల సంతకాలున్నాయి మేడం," అంది కండక్టరమ్మ.

"సంతకాలు సరే, లెక్కలేవి? రోడ్డు దాటడానికి పద్దెనిమిది సెకన్లు చాలడం లేదంటున్నారు. ఎవరికి చాలడం లేదు? ఎంతమందికి? ఏ వేళప్పుడు? అవన్నీ రాసుకు రండి. తర్వాత ఎవరండీ?"

వెనకాల కర్ర ఊతంగా నిలబడ్డ టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలల కిందట ఆమె ఆ ఆరు వరసల రోడ్డు దాటుతుంటే, సగంలో ఉండగానే సిగ్నల్ దీపంలో పచ్చ మనిషి బొమ్మ ఆరిపోయి ఎర్ర మనిషి వెలిగాడు. ముందుకా వెనక్కా అని తేల్చుకునేలోగా మోటారు సైకిలొకటి మోకాలిని తన్నుకుంటూ పోయింది. రోడ్డు మీద పడివున్న ఆమెను ఆటో ఎక్కించి ఆస్పత్రికి చేర్చిన మనిషి ఈ కండక్టరమ్మ. వాళ్ల పరిచయం అక్కడే మొదలైంది.

కండక్టరమ్మ రిటైరై అయిదేళ్లయింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రోడ్డు ఇటు నుంచి అటు పన్నెండు అంగలు. సైకిళ్లు, తోపుడు బళ్లు, గంటకో బస్సు. దిగినవాళ్లంతా అవతలికి చేరేదాకా ఆమె విజిల్ ఊదేది కాదు, ఊదందే డ్రైవరు బండి కదిపేవాడు కాదు. ఇప్పుడు రోడ్డు మూడింతలు వెడల్పైంది. దాటేవాళ్ల కాళ్లు మాత్రం అవే.

"ఈ ఊరికి బదిలీ మీద వచ్చి రెండు నెలలు కాలేదు, ఏం నిక్కు అక్కా ఆవిడకి!" అంది టైలరమ్మ మెట్లు దిగుతూ. "నీ వయసుకైనా విలువివ్వలేదు."

"లెక్క అడిగింది. అందులో తప్పేముంది?" అంది కండక్టరమ్మ. ఆమె ముఖంలో కోపం లేదు.

మర్నాటి నుంచి సిగ్నల్ దగ్గర మందుల షాపు అరుగు మీద కూర్చుని లెక్క రాసింది. మూడు రోజులయ్యాక కాగితాలు పట్టుకెళ్లింది. ఇంజనీరమ్మ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి పెన్ను మూత పెట్టింది.

"మూడు రోజులూ ఎండే. వాన పడితే జనం ఎలా దాటుతున్నారు? పైగా ఇది బడికి సెలవుల వారం. పిల్లలు లేకుండా ఇదేం లెక్క?"

"మళ్లీ తెస్తాను మేడం."

"సాయంత్రం ఆరు దాటాక కూడా రాయండి. చీకట్లో నడక తగ్గుతుంది."

ఈసారి టైలరమ్మ ఆగలేకపోయింది. "నా మోకాలి సాక్ష్యం చాలదా మీకు?"

ఇంజనీరమ్మ ఆమె కాలి వైపు ఒక్క క్షణం చూసింది. "నాకు చాలుతుందండీ. రేపు మున్సిపాలిటీ మీటింగులో అడిగేవాళ్లకి చాలదు," అని మళ్లీ ఫైల్లో తల దూర్చింది.

మూడు వారాలు గడిచాయి. కండక్టరమ్మ గొడుగు కింద కూర్చుని రాసింది, దోమలు కుడుతుంటే రాసింది. టైలరమ్మ గడియారం చూసి చెప్పేది, ఈమె గీతలు గీసేది. పిల్లలకి ఒక పేజీ, ముసలివాళ్లకి ఒక పేజీ, సంచులు మోసేవాళ్లకి ఒకటి, చంటిబిడ్డల తల్లులకి ఒకటి. వెయ్యిన్ని నలభై మంది ముసలివాళ్లలో ఎనిమిది వందల మంది నడిరోడ్డు మీదే చిక్కుకున్నారని తేలింది.

మూడోసారి ఆ పేజీలన్నీ పుస్తకంగా కుట్టి ఇస్తే ఇంజనీరమ్మ తన దగ్గరే ఉంచుకుంది. మర్నాడు పొద్దున్నే స్టాప్‌వాచ్ పట్టుకుని సిగ్నల్ దగ్గర ప్రత్యక్షమైంది. ఒక్కో చేత్తో ఒక్కో బియ్యం సంచి మోస్తూ దాటి చూసింది. నడిమధ్యలో దీపం మారిపోయింది. హారన్ల మోతలో బిక్కచచ్చి నిలబడిపోయింది. అరుగు మీద నుంచి టైలరమ్మ కడుపుబ్బ నవ్వింది. కండక్టరమ్మ మాత్రం చటుక్కున లేచి నిలబడి, ఆమె అవతలి గట్టు ఎక్కేదాకా కూర్చోలేదు.

మీటింగు నాడు హాలు కిటకిటలాడింది. షాపుల సంఘం అధ్యక్షుడు గొంతు పెంచాడు.

"ఎవరో పనీపాటా లేని ముసలావిడ గీసిన గీతలు చూసి ఊరి ట్రాఫిక్ ఆపేస్తారా? కార్లు ఎంతసేపు ఆగాలండీ?"

"ఆవిడ దాటేంతసేపు," అంది ఇంజనీరమ్మ. పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. "ఇదే అర్జీని నేను రెండుసార్లు తిప్పి పంపాను. నాకు దొరికిన తప్పులన్నీ దిద్దించాను. ఇంకా ఒక్కటి మిగిలివుంటే మీరు చూపించండి."

ఆయన పేజీలు తిప్పాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తిప్పాడు. చివరికి పుస్తకం మూసి మంచినీళ్లు అడిగాడు. తీర్మానానికి వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు.

నెల తిరిగేసరికి రోడ్డు మధ్యలో ఆగి నిలబడేందుకు ఎత్తైన గట్టు వచ్చింది, కొత్త చారలు మెరిశాయి. పచ్చ మనిషి ముప్ఫై నాలుగు సెకన్లు వెలగడం మొదలుపెట్టాడు. మొదటి రోజు కండక్టరమ్మ పక్కనే నడుస్తుంటే టైలరమ్మ కర్ర టకటకలాడిస్తూ దాటింది. అవతలికి చేరాక వెనక్కి తిరిగి చూస్తే ఇంకా తొమ్మిది సెకన్లున్నాయి. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోడ్డుకు ఆ పక్కన ఇంజనీరమ్మ పనివాళ్లతో ఏదో వాదిస్తోంది. చార ఒకటి జానెడు వంకరగా ఉందట.

"చూడక్కా, ఇవాళ కూడా వదలట్లేదు!" అంది టైలరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "తిట్టుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, ఇంత మొండి మనిషిని నా జన్మలో చూళ్లేదు. ఏ తల్లి కన్నదో గానీ!"

కండక్టరమ్మ చీర కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"నేనే."