విత్తనపు పసుపు

బస్సు దిగి నేరుగా దొడ్లోకి వచ్చిన కరుణశ్రీ, ఉడుకుతున్న కొప్పెరలోంచి ఒక పసుపు కొమ్ము తీసి నొక్కింది. వేలు మెత్తగా దిగింది. పక్కనే పడి ఉన్న ఖాళీ సంచిలో ఆమె రాసి పెట్టుకున్న చీటీ కనిపించింది.

“నానమ్మా... గిది నా విత్తనం సంచి!”

సాయవ్వ చేతిలోని కర్ర జారింది. “అయ్యో బిడ్డా! అన్ని సంచులు ఒక్క తీరే ఉన్నయి. నాకేం ఎరుక?”

కొప్పెర కిరాయికి తెచ్చిన భూమన్న తల పట్టుకున్నాడు. “కండ్ల ఆపరేషన్ చేయించుకో పెద్దమ్మా అంటే ఇన్నవా? నలభై సంచులల్ల నీ చేతికి గదే రావాల్నా?”

“ఆమెను అనకు భూమన్నా. ఎవ్వలి చెయ్యి పడద్దని నేనే అడుగున దాసిపెట్టిన. ఏ సంచో నానమ్మకు చెప్పకపోతి.”

ఆర్మూరు చుట్టుపక్కల దుంపకుళ్లు తెగులు తినేసిన చేలల్లో చావకుండా మిగిలిన కొమ్ములవి. ఏరి, నాటి, మళ్లీ ఏరి, నాలుగేళ్లు పోషించింది. వాటిని చూసే సర్కారు ఫెలోషిప్ ఇచ్చింది. మూడేళ్లు కేరళ ల్యాబులో పరిశోధన, ఆపైన ఏడాది జర్మనీ. సోమవారం విత్తనంతో సహా చేరాలి.

గైడు లక్ష్మీరాజం సారుకు ఫోన్ చేసింది.

“ఒక్క కొమ్మన్నా పచ్చిది మిగిలిందా అమ్మా?”

“లేదు సార్. ఉడికినంక ఇంకేం మొలుస్తది?”

“విత్తనం లేకుంటే లిస్టుల నీ తర్వాతోళ్లకు పోతదమ్మా. వచ్చే ఏడుకు నీ వయసు దాటిపాయె.”

కరుణ గోడకు చేరగిలబడింది. సాయవ్వ వచ్చి పక్కన కూలబడింది.

“మస్కట్ పోయిన మీ నాయిన పెట్టెల వచ్చిండు. నువ్వు పోతనంటే దినాం గుండె దడే. అయినా పో బిడ్డా అంటి గద. గిట్లాయె...”

ఆవిరికి కమిలిన ఆ చేతులను కరుణ ఒళ్లోకి తీసుకుంది. “ఊకో నానమ్మా. తెల్వక జేసినవు. ఇగ యాడికి పోను. గీడనే ఏదన్న బడిల టీచరుగ చేరుత.”

నెల రోజులుగా అందని ఊపిరి సాయవ్వకు నిండుగా అందింది. మనవరాలి భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

కొప్పెర రాకముందు మూడు రోజులు వెతికితే గాని సాయవ్వకు ఆ సంచి దొరకలేదు.