బియ్యం డబ్బాలో ఫోన్లు

ఎవరో వింటున్నారు.

ఆ అనుమానానికి ఒక సోమవారం పొద్దున, స్వరాజ్యం చాయ్ తాగుతుండగా బీజం పడింది.

ఫోన్లో రెండు చేతులు కాగితం పట్టీని చుడుతున్నాయి. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఆ చానల్లో మొహం కనపడదు, మాట వినపడదు. వెనక వీణ మోగుతుంది, కింద అక్షరాలు వస్తాయి. ఆ చేతుల్ని చూసే స్వరాజ్యం కాగితం పూలు నేర్చుకుంది. ఆ సంగతి కొడుకు విక్రమ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

మధురానగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లకు తెలిసింది ఒక్కటే. గ్రౌండ్ ఫ్లోర్ స్వరాజ్యం చేతిలో కళ ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆమె హాల్లో క్లాసు. పదో తరగతి తప్పిన మనిషిని అందరూ 'టీచరమ్మా' అంటుంటే, ఆ పిలుపు కోసం వారమంతా ఎదురుచూసేది.

ఇప్పుడు ఫోన్లోని చేతులు కాగితాన్ని చీపురు పుల్లకు చుడుతున్నాయి.

స్వరాజ్యం చాయ్ కింద పెట్టింది. నిన్న క్లాసులో చుట్టే సూది విరిగితే, చీపురు పుల్ల పీకింది తనే.

కింద అక్షరాలు వచ్చాయి. 'ఇది మా టీచరమ్మ చిట్కా.'

"ఆ టీచరమ్మ ఎవరో గానీ, గిట్లాంటి శిష్యురాలు దొరికింది. అదృష్టవంతురాలు" అనుకుంది.

మరో ఆదివారం రంగు కాగితాలు అయిపోయాయి. పంజాగుట్ట దాకా వెళ్లి తెచ్చే తీరిక లేదు. అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర చేతుల్లో కుక్కే కోచింగ్ పాంప్లెట్లు ఇంట్లో కట్టలుగా పడున్నాయి. ఎరుపు, పసుపు, తళతళలాడే కాగితం. వాటితోనే బంతిపూలు చేయించింది.

సోమవారం ఆకుపచ్చ గాజుల చేతులు కోచింగ్ పాంప్లెట్లు కత్తిరిస్తున్నాయి.

ఈసారి చాయ్ చల్లారిపోయింది. క్లాసులో ఎవరైనా ఇది చూస్తే ఏమనుకుంటారు? టీచరమ్మ పాంప్లెట్లతో సహా కాపీ కొట్టిందనరూ?

"మనం మాట్లాడేదంత ఫోన్ ఇంటదమ్మా" అన్నాడు విక్రమ్, సనత్‌నగర్ షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటూ. "మొన్న కూలర్ కొందామనుకున్నమా? గంటల కూలర్ల యాడ్లే యాడ్లు."

వాడు నవ్వుతూ వెళ్లిపోయాడు. స్వరాజ్యం నవ్వలేదు.

ఆ వచ్చే ఆదివారం గుమ్మం దగ్గరే అందరి ఫోన్లూ గుంజుకుని, బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది.

"తడిసిన ఫోన్లను గద అక్కా బియ్యంల పెట్టేది" అంది మూడో అంతస్తు నాగేశ్వరి.

"మీ ముచ్చట్లతోని మస్తు తడిసినయ్. ఆరనీ."

అందరూ నవ్వారు. నాగేశ్వరి మాత్రం ఆగలేదు. "అక్కా, గా పాంప్లెట్ల పువ్వు నేను యాడనో జూసిన. యాదికొస్తలేదు. దొరకబడ్త."

స్వరాజ్యం వినపడనట్టే కత్తెర అందుకుంది.

ఆరోజు పాఠం తామర పువ్వు. వినాయక చవితి మండపానికి అందరూ తలా ఒకటి చేయాలి. కాకినాడ నుంచి వచ్చి అయిదో అంతస్తులో కొత్తగా దిగిన ఛాయాదేవికి ఎప్పట్లాగే రాలేదు. చేతికి ఒక్క వాచీ పెట్టుకుని ఎంతో బుద్ధిగా కూర్చుంటుంది, ఏం చేసినా పాడుచేస్తుంది. ఈసారి ఆమె తామర తొక్కిన గారెలా ఉంది.

"ఏంటోనండీ, నా చేతులు తిరగట్లేదు. ఆ రేకు ఎలా మడిచారో ఇంకోసారి చెప్తారా, టీచర్ గారూ?"

"గట్ల గుంజకమ్మా. జర మెల్లగ. సంటిపిల్లకు లంగా కుచ్చిళ్లు పెడ్తమే, గట్ల మడువు."

ఆ మాట స్వరాజ్యానికి అప్పుడే, ఆ క్షణంలో తట్టింది. ఫోన్లన్నీ బియ్యంలో ఉన్నాయి. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

సోమవారం ఫోన్లో తామర విచ్చుకుంది. కింద అక్షరాలు. 'చంటిపిల్లకు లంగా కుచ్చిళ్లు పెట్టినట్టు మడవండి. మా టీచరమ్మ మాట.'

స్వరాజ్యం ఫోన్ బోర్లా పెట్టేసింది. లేచి, ఉప్పూ మిరపకాయలతో తనకు తనే దిష్టి తీసుకుంది.

దిష్టి పోలేదు. శనివారం నాగేశ్వరి మెసేజ్ వచ్చింది. 'అక్కా, గా చానల్ దొరికింది. రేపు క్లాసుల అందరం కల్సి జూద్దాం.'

అయిపోయింది. రేపు తలుపు కొట్టేవాళ్లు టీచరమ్మా అని పిలవరు. వాళ్లు అనకముందే క్లాసు మానేస్తే మర్యాదైనా మిగులుతుంది.

కానీ ఒక పని మిగిలిపోయింది. పాపం ఛాయాదేవికి తామర రాలేదు. మండపంలో అందరి పూల మధ్యా ఆ తొక్కిన గారె పెడితే ఆమె నలుగురిలో నవ్వులపాలవుతుంది. పిలుపు ఉన్నా పోయినా, శిష్యురాలు శిష్యురాలే.

స్వరాజ్యం నాలుగు గులాబీ రంగు కాగితాలు, ఒక చీపురు పుల్ల, డబ్బాలో ఇన్ని సకినాలు పట్టుకుని బయల్దేరింది. లిఫ్ట్ పనిచేయడం లేదు. అయిదు అంతస్తులూ ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

"ఛాయమ్మా, నేనే. తామర నేర్పిద్దామని..." అంటూ తలుపు తోసింది.

లోపల, స్టాండుకు బిగించిన ఫోన్ ముందు, ఒక్క తప్పు మడత కూడా లేని తామర పువ్వు పక్కన కూర్చుని, ఛాయాదేవి చేతుల నిండా ఆకుపచ్చ గాజులు తొడుక్కుంటోంది.