ఎడమ చెంప మీది మచ్చ

కొత్తమ్మాయిని చూసి ఆ రోజు షాపులో నవ్వనివాళ్ళు లేరు. అది ముఖానికి రాసుకునే క్రీములు, సీరమ్‌లు అమ్మే షాపు. వాటిని అమ్మడానికి వచ్చిన పిల్లకేమో రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలు. నుదుటి మీద ఇంకొకటి.

"మేనేజరు గారు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినట్టున్నారు," అంది పెద్దక్క. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆవిడే.

షాపులో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. షాపు తెరిచిన రోజు నుంచీ ముందు కౌంటరు ఆమెదే. తలుపు తోసుకుని ఎవరు లోపలికొచ్చినా మొదట కనిపించేది ఆమె ముఖమే. పాప పుట్టాక ఆ ముఖానికి మంగు వచ్చింది. బుగ్గల మీద నల్లగా పరుచుకుని కూర్చుంది. ఆమె పూయని సీరమ్ లేదు. విటమిన్లది అయింది, బియ్యం నీళ్ళది అయింది, ఆఖరికి నత్త జిగురుది కూడా అయింది.

"నత్త కదా, అందుకే నెమ్మదిగా పనిచేస్తోందేమో," అన్నాడు మొగుడు. ఆ పూట అతనికి కాఫీ అందలేదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు నీలం సీసాలో కొత్త సీరమ్ ఒకటి తెప్పించాడు. కొత్తమ్మాయిని ఆ సీసాలతో పాటు ముందు కౌంటర్లో నిలబెట్టాడు. "ఈ అమ్మాయి కూడా ఇదే వాడుతుంది. వారం వారం వచ్చి మీరే చూడండి," అని కనిపించిన కస్టమరుకల్లా చెప్పాడు. పెద్దక్కను సబ్బుల అరల దగ్గరికి పంపాడు.

"కొన్నాళ్ళేనమ్మా. ఈ సరుకు కదలకపోతే మళ్ళీ నీ చోటు నీదే."

కదలకూడదని పెద్దక్క మొక్కని దేవుడు లేడు. కానీ సరుకు కదిలింది. ముందు నుదుటి మీద మచ్చ పలచబడింది, తర్వాత మాయమైంది. ఆ వెనక చెంపల మీదవి ఒక్కొక్కటే తగ్గుముఖం పట్టాయి. మేనేజరు వారం వారం ఫోటో తీసి గోడకు అంటించాడు.

"అబ్బ, మొన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా! నాకూ ఒకటివ్వమ్మా," అంటూ ఆడవాళ్ళు ఎగబడ్డారు.

పెద్దక్క సబ్బులు సర్దుతూ ఆ చెంపల కేసే చూసేది. కడుపు రగిలిపోయేది. ఆ పిల్ల నవ్వినా మంటే, నవ్వకపోయినా మంటే. చెమట పడితే అందరిలా తుడుచుకోదు, కాగితం రుమాలుతో మెల్లగా అద్దుకుంటుంది. మహా సుకుమారం! ఒకరోజు గోడ మీద ఫోటోలు చూస్తుంటే ఎడమ చెంప మచ్చ కాస్త కిందికి జరిగినట్టు అనిపించింది. ఏడ్చి ఏడ్చి నా చూపు కూడా చెడుతోంది అనుకుంది.

తనూ ఆ నీలం సీసా కొనుక్కుంది. ఖాళీ అయ్యేదాకా రాసింది. మంగు ఇసుమంత కూడా కదల్లేదు. చివరికి సిగ్గు విడిచి కొత్తమ్మాయినే పక్కకు పిలిచి అడిగింది.

"నిజం చెప్పు. ఇందులో ఇంకేమైనా కలిపి రాస్తున్నావా?"

కొత్తమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీది మంగు కదక్కా. ఈ సీసాలతో పోయేది కాదు. ఊరికే డబ్బులు తగలేసుకోకండి. చర్మం డాక్టరుకు చూపించుకోండి."

"నీకు పోయినవి నాకెందుకు పోవు?"

ఆ పిల్ల తల దించుకుంది. గబగబా కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎంత గడుసుది! కిటుకు చెబితే ఎక్కడ తన చోటు పోతుందోనని, డాక్టరు దగ్గరికి తోలుతోంది. పెద్దక్క ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ వెనక వరండాలో భోజనాలకు కూర్చున్నప్పుడు సిబ్బంది గదిలోకి వెళ్ళింది. కొత్తమ్మాయి సంచిలోని సీసా తీసి సీరమ్ మొత్తం తొట్టిలో వంపేసింది. దాన్నిండా కొళాయి నీళ్ళు పట్టి, ఎక్కడిది అక్కడ పెట్టేసింది. మనసు కాస్త చల్లబడింది. ఇక చూద్దాం, ఆ మచ్చలు తిరిగి రాక ఎక్కడికి పోతాయో!

ఆ వారమే కుడి చెంప అద్దంలా అయిపోయింది.

నీళ్ళు రాసుకున్నా పోతున్నాయి! మిగిలింది ఎడమ చెంప మీద ఒక్కటే. మేనేజరు సంబరానికి అంతు లేదు. "ఆ ఒక్కటీ పోనీ, ముందు కౌంటరు ఇక ఈ అమ్మాయికే," అని అందరి ముందూ అనేశాడు. ఎవరూ పెద్దక్క ముఖంలోకి చూడలేదు.

ఇంటికెళ్ళి అద్దం ముందు కూర్చుని ఏడ్చింది. పాప వచ్చి కన్నీళ్ళు తుడిచి, ఆ నల్లటి బుగ్గ మీదే ముద్దు పెట్టింది. అయినా ఊరట కలగలేదు.

మర్నాడు అందరికంటే ముందే షాపుకు బయల్దేరింది. వెళ్ళి ఏం చేస్తుందో తనకే తెలియదు. ఆ సీసా పగలగొడుతుందో, ఆ పిల్లతో జుట్టూ జుట్టూ పట్టుకుంటుందో, కాళ్ళు పట్టుకుని కిటుకు అడుగుతుందో. షట్టరు అప్పటికే సగం లేచి ఉంది. సిబ్బంది గదిలో లైటు వెలుగుతోంది. చప్పుడు కాకుండా తలుపు తోసింది.

అప్పుడే కడుక్కున్న, మచ్చన్నదే లేని ముఖాన్ని అద్దానికి దగ్గరగా పెట్టి, కొత్తమ్మాయి కనుబొమల పెన్సిలుతో ఎడమ చెంప మీద మచ్చ దిద్దుకుంటోంది, నిన్నటికన్నా కాస్త చిన్నది.